వినపడుతుంది, అర్థం కాదు

ప్రశ్న: నాన్నగారికి 66 ఏళ్లు. పిలిస్తే పలుకుతారు గానీ ‘పప్పు’ అడిగితే ‘కప్పు’ అందిస్తారు. పరధ్యానమా?

జవాబు: కాకపోవచ్చు. వయసుతో ముందు తగ్గేది సన్నని శబ్దాల వినికిడి. అచ్చులు బలంగా వినిపిస్తాయి. ప, క, త, స జారిపోతాయి. అందుకే చాలామంది ‘మీరే గొణుగుతున్నారు’ అని ఎదుటివాళ్ల మీద విసుక్కుంటారు!

ఇంట్లోనే చిన్న పరీక్ష చేయండి. ఫ్యాన్, టీవీ కట్టేసి, ఆయన వెనక చేయి చాపినంత దూరంలో నిలబడండి. పెదాలు కనబడితే పరీక్ష చెడినట్టే. ఒక చెవిని ఆయన్నే వేలితో నొక్కి రుద్దుకోమనండి. మీరు ఊపిరి పూర్తిగా వదిలేశాక మూడు అంకెలు గుసగుసగా చెప్పండి. తప్పితే ఇంకో మూడు. ఆరింటిలో మూడైనా తిరిగి చెప్పలేకపోతే ఈఎన్‌టీ డాక్టరు దగ్గర ఆడియోమెట్రీ (యంత్రంతో చేసే వినికిడి పరీక్ష) చేయించండి. గులిమి అడ్డుపడినా ఇలాగే ఉంటుంది. పిన్నీసుతో మాత్రం తీయొద్దు. ఒక చెవి ఉన్నట్టుండి వినబడకపోతే ఆ రోజే వెళ్లాలి.