ఇనుప రథాల ముందు దేవుడు ఓడిపోయాడా?

మీ ప్రశ్న ఇది: బైబిల్లో న్యాయాధిపతులు 1:19లో యెహోవా ఇశ్రాయేలు గోత్రమైన యూదా వారికి తోడుగా ఉన్నా, మైదానంలో ఇనుప రథాలున్న వారిని వెళ్లగొట్టడం వారి వల్ల కాలేదు. మత్తయి 19:26లో దేవునికి సమస్తమూ సాధ్యమే. ఈ రెండూ ఎలా పొసగుతాయి?

ఈ వచనం దగ్గరే 1994లో కడపలో ఒక హాస్టలు గదిలో నాకు నోరు పడిపోయింది. మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. నాయన సేద్యం చేసేవారు. రోజూ రాత్రి అన్నాలయ్యాక ఒక అధ్యాయం పైకి చదివేవారు. గదిలో నాతో ఉన్నది అనంతపురం వైపు అబ్బాయి, గట్టి హేతువాది. నా బైబిలును నాకంటే శ్రద్ధగా చదివాడు. "ఇనుము చూసి వెనక్కి తగ్గిన దేవుడికా నువ్వు మొక్కేది?" అన్నాడు ఒక రాత్రి. "వాళ్లకు విశ్వాసం చాలలేదు" అన్నాను. "ఎక్కడ రాసి ఉందో చూపించు" అన్నాడు. ఎంత వెదికినా ఆ వచనంలో ఆ మాట లేదు.

వెళ్లగొట్టలేకపోయింది యూదా వారు, దేవుడు కాదు. తెలుగు బైబిల్లో బహువచన క్రియ ఆ సంగతి తేల్చేస్తుంది. అంతటితో గెలిచేశామనుకుంటే పొరపాటు. దేవుడు తోడుండి కూడా ఎందుకు కాలేదన్నది అలాగే ఉంది. పైగా యెహోషువ 17:18లో, ఇనుప రథాలున్నా సరే మీరు వాళ్లను వెళ్లగొట్టగలరని ఇశ్రాయేలీయుల నాయకుడు యెహోషువ యోసేపు వంశానికి ముందే మాట ఇచ్చి ఉన్నాడు. ఇక న్యాయాధిపతులు 2వ అధ్యాయం చివర, జనం తనతో ఉన్న నిబంధన (ఒడంబడిక) మీరారు కాబట్టి, వారిని పరీక్షించడానికి ఆ జాతులను ఉండనిచ్చానని దేవుడే అంటాడు. 3:2కి వస్తే, యుద్ధం ఎరుగని కొత్త తరానికి యుద్ధం నేర్పడానికట. రథాలు, అవిధేయత, పరీక్ష, శిక్షణ: ఒకే వైఫల్యానికి ఇన్ని కారణాలు పక్కపక్కనే ఉన్నాయి, ఒకదాన్ని కొట్టేసి మరొకటి పెట్టలేదు. వాదనను దాచని పుస్తకం కాబట్టే నాకు దాని మీద గౌరవం.

4వ అధ్యాయంలో అవే రథాలు మళ్లీ వస్తాయి, కనాను సేనాపతి సీసెరా దగ్గర 900. ఈసారి అవి ఎందుకూ కొరగాలేదు. ఎలాగో తరువాతి అధ్యాయంలో ప్రవక్త్రి దెబోరా పాట చెబుతుంది: మేఘాలు కురిశాయి, కీషోను వాగు శత్రువులను ఈడ్చుకుపోయింది. మాది నల్లరేగడి నేల. ఇక్కడికి రాగానే నాయన అద్దాలు తీసి నవ్వేవారు. "రేగట్లో వాన పడితే ఖాళీ ఎద్దులబండే కదలదు. తొమ్మిది వందల ఇనుప బండ్లంట!" అనేవారు.

సర్వశక్తి అనగానే మనం తర్కశాస్త్రంలోకి వెళ్లిపోతాం, తాను ఎత్తలేని బండను దేవుడు చేయగలడా అని. ఆదికాండము 17:1లో మనం "సర్వశక్తిగల" అని చదివే చోట హీబ్రూలో ఉన్నది షద్దాయ్. దాని అసలు అర్థం మీద పండితులకు ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. కొండకు సంబంధించిన మాటని ఒక వాదం. మత్తయిలోని మాట కూడా బండల గురించి కాదు. ఒంటె, సూదిబెజ్జం పోలిక విని, "అలాగైతే రక్షణ ఎవరికి?" అని శిష్యులు నివ్వెరపోతే ఇచ్చిన జవాబు అది. హెబ్రీయులకు 6:18 అయితే దేవుడు అబద్ధమాడజాలడు అని నేరుగా అంటుంది. అంటే చేయలేనిది ఒకటి ఉందని ఆ గ్రంథమే ఒప్పుకుంటోంది, అదేమీ లోపమని అనుకోవడం లేదు.

"విశ్వాసం చాలలేదు" అన్న జవాబును నేను వదిలేయడానికి కారణం వేరే ఉంది. మా తమ్ముడికి చిన్నప్పటి నుంచీ కాలు ఈడ్పు. స్వస్థత కూటానికి వచ్చిన ఒక బోధకుడు ప్రార్థన చేసి, నయం కాకపోయేసరికి, "తల్లి విశ్వాసంలో కొరత ఉంది" అని అందరి ముందూ అన్నాడు. ఆధారంగా మార్కు 6:5 చూపించాడు, నజరేతులో యేసు ఎక్కువ అద్భుతాలు చేయలేకపోయిన చోటు. అమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. నాయన ఆయనతో వాదించలేదు. ఆ రాత్రి వరస తప్పించి యోబు 42వ అధ్యాయం తీశారు. దేవుని పక్షాన అంత గట్టిగా వాదించిన యోబు స్నేహితుల మీద దేవుడికి కోపం వస్తుంది. కష్టాల్లో తనను నిలదీసిన యోబే సరిగా పలికాడంటాడు. నాయన 7వ వచనం రెండుసార్లు చదివి పుస్తకం మూసేశారు. అమ్మ లేచి పొయ్యి వెలిగించింది.

హాస్టలు మిత్రుడికి తరువాత సీసెరా కథ, వాగు, బురద అన్నీ చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. "బాగుంది. మరి ఆ వాన మొదటి అధ్యాయంలోనే ఎందుకు పడలేదు?" అన్నాడు. నాకు తోచక ఆ ప్రశ్ననే ఉత్తరంలో రాసి నాయనకు పంపాను. వారానికి కార్డు వచ్చింది. శనగకు మందు కొట్టిన సంగతి, తమ్ముడి బడి సంగతి రాసి, చివర ఒక ముక్క రాశారు: "మన చేలో మాత్రం ప్రతి ఏడూ పడుతోందా?"

కార్డు మిత్రుడికి ఇచ్చాను. చదివి, ఇది జవాబు కాదన్నాడు. కాదనే నేనూ అన్నాను.