“పగలంతా ఇంట్లోనే ఉంటావుగా” అంటున్నారు

ప్రశ్న: నేను గుంటూరులో ఒక ప్రైవేటు ఆస్పత్రి ఐసీయూలో స్టాఫ్ నర్సుని. వయసు 32. పాప యూకేజీ, బాబుకి ఏడాదిన్నర. పగలు పిల్లల దగ్గర ఉండొచ్చని నేనే అడిగి నైట్లు వేయించుకుంటున్నాను. రాత్రి ఎనిమిది నుంచి ఉదయం ఎనిమిది దాకా డ్యూటీ. ఇంటికొచ్చాక వంట, బాబు పని, మూడింటికి పాపని స్కూలు నుంచి తేవడం. నిద్ర మూడు నాలుగు గంటలు, అదీ ముక్కలు ముక్కలుగా. అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు, బాబు వెనక పరిగెత్తలేరు. కాస్త నడుం వాలిస్తే “పగలంతా ఇంట్లోనే ఉంటావుగా, ఇంకెంత పడుకుంటావు” అంటారు. నైట్లు చేస్తే క్యాన్సర్ వస్తుందని మా ఆయన ఫోన్లో చూసి, ఉద్యోగమే మానెయ్యమంటున్నారు. మొన్న స్కూటీ మీద వస్తుంటే కళ్లు మూతపడి డివైడర్‌కి తగలబోయాను. అయినా నాకు నైట్లే నయం అనిపిస్తుంది. నాది మొండితనమా?

జవాబు: మొండితనం కాదమ్మా. నైట్లు కావాలని అడిగి వేయించుకునే నర్సులు చాలామందే ఉన్నారు. నా దగ్గరికి వచ్చే నర్సుల్లో రాత్రి డ్యూటీ గురించి ఏడ్చేవాళ్ల కంటే, రేపటి డ్యూటీ ఏమిటో ఇవాళ సాయంత్రం దాకా తెలియడం లేదని బాధపడేవాళ్లే ఎక్కువ. ఆఫ్ రోజున ఫోన్ చేసి రమ్మనడం, రిలీవర్ రాక డబుల్ డ్యూటీ చెయ్యాల్సి రావడం, మార్నింగ్ అని రోస్టర్‌లో వేసి రాత్రికి రాత్రి మార్చెయ్యడం, వీటితో మనిషి నలిగిపోతుంది. మీ నైట్లు మీకు ముందే తెలుసు, పిల్లల వేళలు వాటికి సర్దుకున్నారు. అందుకే మీకు నయం అనిపిస్తోంది.

చిక్కు ఇంకోచోట ఉంది. రాత్రి పన్నెండు గంటల డ్యూటీ మీరు ఎంచుకున్నారు. పగటి డ్యూటీ ఎవరూ ఎంచుకోకుండానే మీ మీద పడింది. దాన్ని మీ ఇంట్లో ఎవరూ డ్యూటీగా లెక్కెయ్యడం లేదు, మీ ఉత్తరం చూస్తే మీరూ వెయ్యడం లేదనిపిస్తోంది.

అన్నిటికంటే ముందు స్కూటీ సంగతి. రేపటి నుంచి నైట్ చేసి బండి నడపకండి. బస్సో, షేర్ ఆటోనో, మీ ఆయన వచ్చి ఎక్కించుకోవడమో, ఏదో ఒకటి చూసుకోండి. తప్పనిసరై నడపాల్సి వస్తే, తర్వాతి షిఫ్టు సిస్టర్‌కి హ్యాండోవర్ (అప్పగింత) అయ్యాక డ్యూటీ రూమ్‌లో ఇరవై నిమిషాలు పడుకుని, బాగా తెలివి వచ్చాక బయల్దేరండి. మగత ఇంకా ఉంటే ఆ పూట బండి అక్కడే వదిలెయ్యండి. డివైడర్ విషయం మీ ఆయనకి చెప్పినట్టు ఉత్తరంలో లేదు. భయపడతారని దాచి ఉంటారు. చెప్పండి. ఆయన భయం ఫోన్లో చూసిన క్యాన్సర్ మీద ఉంది, అసలు ప్రమాదం రోడ్డు మీద ఉంది.

ఆ క్యాన్సర్ మాట కూడా ఆయనకి సరిగ్గా తెలియాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2007లోనూ, మళ్లీ 2019లోనూ రాత్రి షిఫ్టు పనిని “బహుశా క్యాన్సర్ కారకం” అనే జాబితాలో పెట్టిన మాట నిజమే. మేక, గొర్రె మాంసం కూడా ఆ జాబితాలోనే ఉంది. సాక్ష్యం ఎంత బలంగా ఉందో ఆ జాబితా చెబుతుంది, ఒక మనిషికి ముప్పు ఎంతో చెప్పదు. అలాగని కొట్టిపారెయ్యమనడం లేదు. ఏళ్ల తరబడి నైట్లే చెయ్యడం మంచిది కాదు. బాబు కాస్త పెద్దయ్యేదాకా అని ఒక గడువు మీ ఇద్దరూ ఇప్పుడే అనుకోండి.

ఇక నిద్ర. పగటి వెలుతురులో నిద్రకి తోడ్పడే మెలటోనిన్ అనే హార్మోన్ తగ్గిపోతుంది, ఒంటి వేడి పెరుగుతూ ఉంటుంది. అందుకని ఎవరూ లేపకపోయినా పగటి నిద్ర తేలిగ్గానే ఉంటుంది, త్వరగా తెగిపోతుంది. అలాంటి నిద్రని కుక్కర్ విజిల్‌కీ కొరియర్ వాడికీ వదిలేస్తే ఏం మిగులుతుంది? ఉదయం తొమ్మిదిన్నర నుంచి రెండున్నర దాకా మీకు అర్ధరాత్రి. ఆ వేళలో మిమ్మల్ని లేపడం, మీ ఆయన్ని రాత్రి ఒంటిగంటకి లేపి పప్పు కడగమనడం లాంటిదే. ఈ మాట ఆయనతో ఇలాగే అనండి. వంట ఆయన పొద్దున్నే చేసి వెళ్లాలి, లేదా ఆ పూటకి మనిషిని పెట్టుకోవాలి. గదికి మందపాటి కర్టెన్, తలుపుకి గడియ, ఫోన్ సైలెంట్. డ్యూటీలో టీలు రాత్రి రెండు మూడు గంటలకే ఆపెయ్యండి, కాఫీ టీల ప్రభావం సగానికి తగ్గడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం డ్యూటీకి వెళ్లేముందు ఇంకో గంట కునుకు తీయగలిగితే మరీ మంచిది, ఆ గంట పిల్లల్ని ఆయన చూసుకోవాలి.

అత్తయ్యతో వాదనకి దిగకండి. కోడలు ఇంట్లో కనిపిస్తుంటే ఖాళీగా ఉందనుకోవడం ఆవిడకి అలవాటైన లెక్క. పైగా ఆవిడా నొప్పులతో బాబుని చూసుకోలేక సతమతమవుతున్నారు, ఆ విసుగు మీ నిద్ర మీద చూపిస్తున్నారు. ఆవిడకి చెప్పాల్సింది మీ ఆయన. “అమ్మా, తను ఐసీయూలో నిద్రమత్తులో మందు మోతాదు తప్పు వేస్తే ఒక ప్రాణం పోతుంది” అని కొడుకు నోటి నుంచి వింటే ఆవిడ ఆలోచిస్తారు.

బాబుని మాత్రం ఆవిడ మీదా మీ నిద్ర మీదా పెట్టకండి. మీ ఆస్పత్రిలో క్రెష్, అంటే ఉద్యోగుల పసిపిల్లల్ని చూసుకునే చోటు, ఉందా? 2017లో ప్రసూతి ప్రయోజన చట్టాన్ని సవరించినప్పుడు 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న చోట క్రెష్ ఉండాలని, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి బిడ్డని చూసుకోవచ్చని పెట్టారు. చాలా ఆస్పత్రులు ఎవరూ అడగడం లేదని వదిలేశాయి. మీ వార్డులో చిన్న పిల్లలున్న సిస్టర్లందరూ కలిసి నర్సింగ్ సూపరింటెండెంట్‌కి కాగితం రాసి ఇవ్వండి. ఒక్కరే వెళ్తే “ఇబ్బందైతే మానెయ్” అంటారు, పదిమంది సంతకాలతో వెళ్తే ఆ మాట అనడం కష్టం. అది దొరికితే మార్నింగ్ డ్యూటీలు కూడా మీకు వీలవుతాయి. అది వచ్చేలోగా ఆ ఐదు గంటలకి ఇంటి దగ్గరే ఒక ఆయాని చూసుకోండి. జీతంలో కొంత పోతుంది, పోనివ్వండి. ఉద్యోగమే మానేస్తే మొత్తం పోతుంది, రెండు మూడేళ్ల ఖాళీ తర్వాత మళ్లీ ఐసీయూలో చేరాలంటే కింది నుంచి మొదలుపెట్టాల్సి రావచ్చు.

వచ్చే రోస్టర్ రాసేలోపు ఇన్‌ఛార్జ్ సిస్టర్‌ని కలవండి. నైట్లు వరుసగా మూడు నాలుగుకి మించకుండా, వాటి తర్వాత నైట్ ఆఫ్‌లు విడగొట్టకుండా కలిపి ఇమ్మనండి. ఆ నెలంతా రోజుకి ఎంత నిద్రపోయారో క్యాలెండర్ మీద రాయండి, మీ ఆయన కంట పడేచోట. ఇంత చేసినా నెల తిరిగేసరికి ఆరు గంటలు నిద్ర దక్కకపోతే, నెలసరి తప్పుతున్నా బీపీ పెరుగుతున్నా, నైట్లు ఆపి డాక్టరుకి చూపించుకుని మార్నింగ్‌కి మార్పించుకోండి.