తూటా లెక్కకి కాంటాక్ట్స్ ఎందుకు?

ప్రశ్న: లైసెన్సున్న .22 టార్గెట్ రైఫిల్‌కి ఫోన్‌లో బాలిస్టిక్ యాప్ (తూటా ఎంత దూరంలో ఎంత కిందకి దిగుతుందో లెక్కేసేది) వేశాను. 100 మీటర్ల దగ్గర లెక్క తప్పుతోంది. ఛాంబర్ (తూటా కూర్చునే గది) వివరాలు ఎక్కడ నింపాలి? బ్యారెల్ మార్చాలా? వాట్సాప్‌లో ‘ప్రో’ ఏపీకే (ప్లేస్టోర్ బయట దొరికే యాప్ ఫైలు) వచ్చింది, వేసుకోవచ్చా?
- ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: ఈ ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. ఛాంబర్‌కి యాప్‌లో గడి ఉండదు. ఛాంబర్ బిగువు, బ్యారెల్ పొడవు, లోపలి నునుపు అన్నీ కలిసి యాప్‌కి ఒకే అంకెగా చేరతాయి: తూటా బయటికొచ్చే వేగం. మీరు నింపింది తూటాల డబ్బా మీది వేగం అయ్యుంటుంది. అది తయారీదారు పరీక్ష బ్యారెల్‌లో వచ్చింది, మీ రైఫిల్‌ది కాదు. 50 మీటర్లకు గురి సరిచేసిన .22 రైఫిల్ 100 దగ్గర సుమారు జానెడు కిందకి కొడుతుంది. వేగం తప్పైతే ఆ జానెడు లెక్కే మారిపోతుంది. క్లబ్బులో క్రోనోగ్రాఫ్ (తూటా వేగం కొలిచే పరికరం) అడిగి, పది తూటాలు కొట్టి సగటు వేయండి.

ఇక బ్యారెల్. లోపలి గాడుల మెలిక (ట్విస్ట్) .22లో మామూలుగా 16 అంగుళాలకు ఒక చుట్టు. వేగం కొలవకుండా బ్యారెల్ జోలికి పోవద్దు. విడి బ్యారెల్ కూడా 1959 ఆయుధ చట్టం కిందకే వస్తుంది.

ఇక ఆ ఏపీకే. వేసుకోకండి. ఇలా చేతులు మారే ఫైళ్లు చాలావరకు యాక్సెసిబిలిటీ అనుమతి (తెర మీద ఉన్నది చదివే వీలు) అడిగి, ఓటీపీలు చదివేస్తాయి. నాకు ఇంకా భయం వేసేది ఇది: మీ ఫోన్‌లో మీ రైఫిల్ ఫొటో ఉంటుంది, లైసెన్స్ కాపీ ఉంటుంది, లొకేషన్ ఉంటుంది. ఏ ఇంట్లో తుపాకీ ఉందో దొంగకి దారి చూపించినట్టే. ప్లేస్టోర్ యాప్‌కైనా లొకేషన్ ఆపేయండి. లెక్కకి కావాల్సింది సముద్రమట్టం నుంచి ఎత్తు, మన తీరంలో అది పదుల మీటర్లే, చేత్తో నింపితే సరిపోతుంది. ఉష్ణోగ్రతా అంతే.

అసలు కూడికలు, గుణకారాలు చేసే యాప్‌కి లాగిన్ ఎందుకు? కాంటాక్ట్స్ ఎందుకు? రేంజిలో సిగ్నల్ లేకపోతే తెరుచుకోని యాప్ షూటర్‌కి ఏం పనికొస్తుంది? ఇలా తయారు చేసేవాళ్లమీద నాకు నిజంగా కోపం.

ఏపీకే ఇప్పటికే వేసుంటే, ముందు నెట్ ఆపి దాన్ని తీసేయండి. బ్యాంకు పాస్‌వర్డ్ వేరే ఫోన్‌లోంచి మార్చండి. డబ్బు పోయుంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.