కొబ్బరి చీపురు సంగతి

విశాఖపట్నం

నాయనా,

హెలికాప్టర్ రెక్కల వణుకు తగ్గించే కార్బన్ నానోట్యూబుల (కంటికి కనిపించనంత సన్నని కార్బన్ గొట్టాల) మీద నీ వ్యాసం అందింది. దస్తూరీ బాగుంది. ఇక తిట్లు.

నేవీ డే రిహార్సల్‌కి ఆర్కే బీచ్ మీద హెలికాప్టర్ వెళ్తుంటే మీ నాన్న చేతిలో గ్లాసులో టీ వణికిందని నాలుగో పేజీలో రాశావు. అంత మంచి సంగతిని అక్కడ పాతిపెడతావా? మొదటి పేజీ నిండా "నానో మానవాళికి వరం", ఆపైన ఈ ట్యూబుల గురించి 1991లో ఇజీమా రాసిన పేపరు మీద పేజీన్నర!

కంపనం తగ్గిందని 11 చోట్ల అన్నావు. తగ్గి ఎక్కడికి పోయింది? 40 ఏళ్ళుగా నాకున్న పిచ్చి ఇదే. కొబ్బరి చీపురు నుంచి ఒక ఈనె లాగి, బల్ల అంచున నొక్కిపట్టి మీటు. చాలాసేపు ఊగుతుంది. కట్ట మొత్తాన్ని మీటి చూడు, రెండు ఊపుల్లో చస్తుంది. ఈనెలు ఒకదాన్నొకటి రాసుకుని ఆ ఊపు వేడైపోయింది. రెక్కలోని ఎపాక్సీలో, అంటే గట్టిపడే జిగురులాంటి రెజిన్‌లో, కార్బన్ నానోట్యూబులు చేసేదీ అదే: వంగినప్పుడల్లా ట్యూబుకీ రెజిన్‌కీ మధ్య పట్టు జారుతుంది, మళ్ళీ పట్టుకుంటుంది.

అందుకే "పట్టు ఎంత గట్టిగా ఉంటే అంత మేలు" అన్న నీ మాట చూసి ఒళ్ళు మండింది. మరీ బిగిస్తే జారదు. రెక్క గట్టిపడుతుంది, వణుకు అలాగే ఉంటుంది. అసలు తగువంతా అక్కడుంటే నువ్వు ఒక్క ముక్కలో దాటేశావు. ఇంకోటి, రెక్క కిందికీ పైకీ ఊగితే గాలే అణుస్తుంది. ముందుకీ వెనక్కీ ఊగితే గాలి పెద్దగా పట్టించుకోదు. 1992లో తొలిసారి ఎగిరిన మన ధ్రువ్ హెలికాప్టర్‌లా కీళ్ళు లేని రోటర్లకు ఈ బెడద మరీ ముఖ్యం. ఇది రాయకపోతే నానోట్యూబులు ఎందుకో చదివేవాడికి ఎలా తెలుస్తుంది?

ఆ ట్యూబులు రెజిన్‌లో సరిగా కలవక చోడిపిండిలా ఉండ కడతాయి. ఈ మాటే నేను ఒకప్పుడు రాస్తే, ఒక ఎడిటరు "చోడి" కొట్టేసి "సమూహీకరణం" అని పెట్టాడు. ఫిషింగ్ హార్బర్‌లో ఫైబర్ పడవలు చేసే మేస్త్రీ, రోజంతా రెజిన్ కలిపే మనిషి, పత్రిక చూపించి "ఏటి బాబూ ఇది?" అన్నాడు. సిగ్గుతో చచ్చాను. అయిదేళ్ళు ఆ పత్రికకు ఏమీ పంపలేదు. పంపాక మళ్ళీ కొట్టేశాడు, అది వేరే సంగతి.

పేరు పక్కన డిగ్రీ వెయ్యాలా అని అడిగావు. తర్వాత చూద్దాం. ముందు మీ నాన్నను అడుగు, ఆ గ్లాసులో టీ నిండా ఉందా, సగమేనా?