దిద్దితే దొంగతనం అవుతుందా?

ప్రశ్న: అక్కా, నేను విశాఖపట్నంలో ఫైన్ ఆర్ట్స్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ప్రింట్‌మేకింగ్ (చెక్కి అచ్చు వేసే కళ) అసైన్‌మెంట్‌కి జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ వేసిన ఖడ్గమృగాన్ని లైనోలియం అనే మెత్తటి షీటు మీద చెక్కాను. బాగా వచ్చిందనిపించి ఫొటో పెడితే, నాతో చదివేవాళ్లే 'కాపీ కొట్టావ్' అన్నారు. అప్పటినుంచి ఒకటే టెన్షన్, ఉలి పట్టుకోబుద్ధి కావడం లేదు. అయినా ఐదు వందల ఏళ్ల కిందటి ఒక జర్మన్ బొమ్మ ఇంకా ఎందుకు ఇంతమంది చేతుల్లో తిరుగుతోంది?
- ఎంవీపీ కాలనీ నుంచి ఒక విద్యార్థిని

జవాబు: చెల్లీ, ముందు ఉలి పట్టుకో. పలక మీద అమ్మ రాసిచ్చిన 'అ' మీద నువ్వు ఎన్నిసార్లు దిద్దావో గుర్తుందా? దాన్ని ఎవరూ కాపీ అనలేదు. ఇప్పుడు నువ్వు చేసింది కూడా దిద్దడమే.

డ్యూరర్ కూడా దిద్దినవాడే. 1471లో న్యూరెంబర్గ్‌లో బంగారు పని చేసే ఇంట్లో పుట్టాడు, లోహం మీద గీత చెక్కడం తండ్రి దగ్గరే చేతికొచ్చింది. ఇటలీ చిత్రకారుడు మాంటెన్యా చేసిన ఎన్‌గ్రేవింగ్‌లు, అంటే లోహపు రేకు మీద చెక్కి వేసిన అచ్చు బొమ్మలు, దొరికితే 1494లో వాటిని ముందు పెట్టుకుని కలంతో మళ్లీ గీశాడు. మనుషుల ఆకారాలు మాంటెన్యావే కానీ లోపల నీడ కోసం వేసిన గీతలు చూడు, కండరం ఎటు తిరిగితే గీత అటు వంగుతుంది, అవి డ్యూరర్ సొంతం. దిద్దుతూ దిద్దుతూనే తన చేతిరాత కనిపెట్టుకున్నాడు.

ఆ ఖడ్గమృగం బొమ్మ ఇంతకాలం ఎందుకు తిరుగుతోందంటే, అది అచ్చు కాబట్టి. రంగుల చిత్రం ఒక్క గోడ మీదే ఉంటుంది, అచ్చు వందల కాగితాలై వర్తకుల మూటల్లో దేశాలు తిరుగుతుంది. డ్యూరర్ భార్య ఆగ్నెస్ వాటిని ఫ్రాంక్‌ఫర్ట్ సంతకి తీసుకెళ్లి స్వయంగా అమ్మేది. అలా తిరిగి తిరిగి అవి మన దేశానికీ వచ్చాయి. అక్బర్ కాలంలో, 1600లో, అబుల్ హసన్ అనే పదమూడేళ్ల పిల్లాడు డ్యూరర్ 1511లో చేసిన చిన్న యేసు శిలువ బొమ్మలోంచి శిష్యుడు సెయింట్ జాన్ ఒక్కడినే తీసుకుని గీశాడు, దాని మీద తన పేరూ వయసూ ఉన్నాయి. ఆ కాగితం ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్ మ్యూజియంలో ఉంది. ఆ పిల్లాడే పెద్దయ్యాక జహంగీర్ ఆస్థానంలో 'నాదిర్ ఉజ్ జమాన్' (ఈ కాలపు అద్భుతం) బిరుదు పొందాడు. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. నీకంటే చిన్నవాడమ్మా!

మరి దొంగతనం ఎప్పుడవుతుంది? ఇటలీలో మార్కాంటోనియో రైమొండి అనే చెక్కుడు పనివాడు డ్యూరర్ మేరీమాత జీవిత చిత్రాల్ని రాగి రేకు మీద మక్కీకి మక్కీ దింపి, డ్యూరర్ సంతకం గుర్తుతో సహా అమ్మాడు. అది తప్పే, నేను సమర్థించను. 1511లో ఆ బొమ్మల్ని పుస్తకంగా వేసినప్పుడు డ్యూరర్, పరాయి కష్టాన్ని దొంగిలించేవాళ్లు జాగ్రత్త అని చివర్లో అచ్చేయించాడు. నీ ప్రింట్ కింద 'డ్యూరర్‌ని చూసి' అని రాసి నీ పేరు పెట్టు, అంతే, ఇక నిన్ను ఎవరూ ఏమీ అనలేరు.

అదే రైమొండి తర్వాత ఇటలీ చిత్రకారుడు రఫాయెల్ డ్రాయింగ్ ఒకటి తీసుకుని 'పారిస్ తీర్పు' అనే ఎన్‌గ్రేవింగ్ చేశాడు (ఈ పారిస్ ఊరు కాదు, గ్రీకు కథలోని రాజకుమారుడు). దాని కుడి మూల ముగ్గురు కూర్చుని ఉంటారు. మూడున్నర శతాబ్దాల తర్వాత ప్యారిస్ నగరంలో మానే అనే చిత్రకారుడు ఆ ముగ్గురి భంగిమల్నీ అలాగే తీసుకుని, ఇద్దరు మగవాళ్లకి తన కాలపు కోట్లు తొడిగి, పక్కన బట్టల్లేని స్త్రీని కూర్చోబెట్టి 1863లో ప్రదర్శనకి పెడితే ఊరంతా గగ్గోలు. 1959 నుంచి పికాసో మానే చిత్రాన్ని పట్టుకుని డజన్ల కొద్దీ మార్పులతో వేశాడు. చూశావా, ఒక మూలలోని మూడు బొమ్మలు ఎన్ని చేతులు మారాయో.

ఇక నీ ఖడ్గమృగం. అసలు జంతువు మనదే. గుజరాత్ సుల్తాన్ పోర్చుగీసువాళ్లకి ఇస్తే, గోవా నుంచి ఓడెక్కి 1515 మేలో లిస్బన్ చేరింది. డ్యూరర్ దాన్ని కళ్లారా చూడలేదు, ఎవరో పంపిన ఉత్తరం, స్కెచ్ చూసి వేశాడు. అందుకే కవచంలాంటి పలకలు, వీపు మీద లేని చిన్న కొమ్ము వచ్చాయి. గీత ఎంత బలంగా ఉందంటే, యూరప్‌లో రెండు వందల ఏళ్లకు పైగా పుస్తకాల్లో ఆ లేని కొమ్ము కూడా దిద్దుతూ పోయారు! గీత ఆయన దగ్గర నేర్చుకో, జంతువుని మాత్రం నీ కళ్లతో చూసుకో.

తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి ఒక పీతను ముందు పెట్టుకో. డ్యూరర్ కూడా పీతను రంగుల్లో వేశాడు. దాని డిప్ప మీద ఆ ఖడ్గమృగం గీతలు ఎలా వంగుతాయో ప్రయత్నించు, వచ్చే అసైన్‌మెంట్ అదే. చెక్కేటప్పుడు అచ్చులో బొమ్మ తిరగబడుతుందని మర్చిపోకు, పీత పెద్ద కొండి ఎడమ నుంచి కుడికి వెళ్లిపోతుంది.

ప్రశ్న: మేడమ్, పాత అచ్చు బొమ్మ చూడగానే అది వుడ్‌కట్టో, ఎన్‌గ్రేవింగో ఎలా చెప్పాలి?
- గాజువాక నుంచి ఒక పాఠకుడు

జవాబు: పెడన కలంకారీ అచ్చులు చూసే ఉంటారు కదండీ, ఎత్తుగా మిగిల్చిన చోటే రంగు అంటుతుంది. చెక్క దిమ్మె మీద చెక్కే వుడ్‌కట్ కూడా అంతే. ఎన్‌గ్రేవింగ్‌లో దీనికి పూర్తిగా వ్యతిరేకం, రాగి రేకులో చెక్కిన గాడిలో సిరా నిలుస్తుంది, తడి కాగితాన్ని రోలర్ల మధ్య గట్టిగా నొక్కితే పైకొస్తుంది. ఆ ఒత్తిడికి రేకు అంచు కాగితంలో దిగి బొమ్మ చుట్టూ చిన్న పల్లం మిగులుతుంది, వేలికి తెలుస్తుంది. అంచులు కత్తిరించేసి ఉంటే భూతద్దం పెట్టి గీత చివర చూడండి, రాగి మీద చెక్కిన గీత సన్నబడుతూ సూదిమొనలా ముగుస్తుంది.