హాట్ టబ్ కొనే ముందు నీళ్ల సంగతి తెలుసుకోండి: ప్లానో నుంచి మా అనుభవం

మీరు టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఇల్లు కొన్నారు, పెరట్లో హాట్ టబ్ (వేడి నీళ్లలో కూర్చునే పెద్ద తొట్టి) పెట్టాలనుకుంటున్నారు, చలికాలంలో ఇండియా నుంచి వచ్చే అమ్మగారికి మోకాళ్ల నొప్పులు. ఎలాంటిది కొనాలి, నీళ్లు చూసుకోవడం నిజంగా అంత కష్టమా అని అడిగారు. మేం మీకు దగ్గర్లోనే, ప్లానోలో ఉంటాం. 2020 నవంబర్ నుంచి మా ఇంట్లో టబ్ ఉంది. మొదటి నాలుగు నెలల్లో నేను చేసిన తప్పు వల్ల మా అమ్మాయి ఇబ్బంది పడింది. మీ ఇంట్లో అలా జరగకూడదని కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు కొనే విషయం. షోరూమ్‌లో జెట్లు (నీళ్లు వేగంగా చిమ్మే రంధ్రాలు) ఎన్ని ఉన్నాయో చెప్తారు, రంగురంగుల లైట్లు చూపిస్తారు. వాటిని వదిలేయండి. చెప్పులు విప్పి, ఖాళీ టబ్‌లోకే దిగి, ఒక్కో సీట్లో అయిదు నిమిషాలు కూర్చోండి. మీ వీపుకీ భుజాలకీ జెట్లు ఎక్కడ తగులుతున్నాయో అప్పుడే తెలుస్తుంది. అమ్మగారి కోసం కాబట్టి మెట్టు ఎత్తు, పట్టుకోవడానికి కడ్డీ కూడా చూడండి. పడుకునే సీటు చూడ్డానికి బాగుంటుంది కానీ పొట్టిగా ఉన్నవాళ్లు అందులో తేలిపోతారు. మా ఆవిడ దాన్లో కూర్చోవడం మొదటి వారంలోనే మానేసింది.

గోడలో మామూలు ప్లగ్గుకి పెట్టుకునే 120 వోల్టుల టబ్బులు చవగ్గా వస్తాయి కానీ అవి గంటకు డిగ్రీన్నర వేడెక్కితే గొప్ప. 240 వోల్టుల హీటర్ 400 గ్యాలన్ల నీళ్లని గంటకు అయిదారు ఫారెన్‌హీట్ డిగ్రీలు పెంచుతుంది. చలికాలంలో వాడాలంటే ఇదే మేలు. దానికి సాధారణంగా 50 ఆంపుల జీఎఫ్‌సీఐ బ్రేకర్ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసేది) పెట్టాలి. ఆపేసే స్విచ్చు టబ్‌కి కనిపించేంత దగ్గర్లో, నీళ్లకి కనీసం 5 అడుగుల దూరంలో ఉండాలి. లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి, పర్మిట్ తీసుకోండి. అలాగే 400 గ్యాలన్ల నీళ్ల బరువే 3,300 పౌండ్లు దాటుతుంది. టబ్, మనుషులు కలిస్తే 5,000 పౌండ్ల పైమాటే. ఎప్పటిదో చెక్క డెక్ మీద పెట్టేద్దాం అనుకోకండి. మేం నాలుగంగుళాల కాంక్రీట్ స్లాబ్ పోయించాం. స్లాబ్‌కీ ఎలక్ట్రీషియన్‌కీ కలిపి మాకు 2,600 డాలర్లయింది. చాలామంది ఈ ఖర్చు ముందు లెక్కేసుకోరు.

ఇక అసలు విషయం నీళ్లు.

టబ్ దించిన రోజు షాపువాళ్లు ఒక సీసాలో తెల్లటి గుళికలు, నీళ్లలో ముంచి క్లోరిన్ చూసే కొన్ని టెస్ట్ స్ట్రిప్పులు ఇచ్చి, "వారానికోసారి రెండు చెంచాలు వేయండి, అంతే" అన్నారు. ఆ గుళికల పేరు డైక్లోర్, క్లోరిన్‌లో ఒక రకం. నేను చెప్పినట్టే వేశాను. నీళ్లు అద్దంలా ఉండేవి. టబ్ అడుగున పడిన పిల్లల హెయిర్‌పిన్ కూడా పైనుంచి స్పష్టంగా కనిపించేది. అంత తేటగా ఉన్న నీళ్లలో తేడా ఉంటుందని నాకు తట్టలేదు.

2021 ఫిబ్రవరిలో టెక్సస్ అంతా గడ్డకట్టినప్పుడు మాకు దాదాపు రెండు రోజులు కరెంటు లేదు. మూత మీద దుప్పట్లు కప్పాం, పైపులు పగలకుండా గట్టెక్కాం. కరెంటు వచ్చాక నీళ్లు వేడెక్కించి, మామూలు కన్నా ఎక్కువ డైక్లోర్ వేసి, స్ట్రిప్పు ముంచాను. క్లోరిన్ 5 పీపీఎం (పది లక్షల పాళ్లలో 5 పాళ్లు) చూపించింది. బాగానే ఉంది కదా అని ఆ సాయంత్రం నలుగురం గంటసేపు కూర్చున్నాం. మూడో రోజుకి మా పదకొండేళ్ల అమ్మాయికి నడుము చుట్టూ, స్విమ్‌సూట్ ఉన్నంత మేరా ఎర్రటి దద్దుర్లు లేచాయి. ఒకటే దురద. పిల్లల డాక్టర్ చూసీ చూడగానే "ఇంట్లో హాట్ టబ్ ఉందా?" అని అడిగింది. సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా వల్ల వస్తుందట. వెచ్చటి నీళ్లలో క్లోరిన్ పని చేయకపోతే అది పెరిగిపోతుంది. తడి బట్ట ఒంటికి అంటుకుని ఉన్నచోట ఎక్కువగా వస్తుంది. వారం రోజుల్లో దానంతట అదే తగ్గింది కానీ, ఆ వారం పిల్ల రాత్రుళ్లు నిద్రపోలేదు. పక్కన కూర్చుని చల్లటి తడిగుడ్డ వేస్తూ ఉంటే నాకు ఒకటే ప్రశ్న. స్ట్రిప్పు 5 చూపించింది కదా, మరి ఇది ఎలా వచ్చింది?

దానికి జవాబు డైక్లోర్‌లోనే ఉంది. అందులో క్లోరిన్‌తో పాటు సయన్యూరిక్ యాసిడ్ కూడా ఉంటుంది. బయటి స్విమ్మింగ్ పూల్‌లో ఎండకి క్లోరిన్ ఎగిరిపోకుండా పట్టి ఉంచేది అదే. డైక్లోర్‌తో ప్రతి 10 పీపీఎం క్లోరిన్ వేసినప్పుడల్లా నీళ్లలో దాదాపు 9 పీపీఎం సయన్యూరిక్ యాసిడ్ చేరుతుంది. క్లోరిన్ ఖర్చయిపోతుంది, ఇది మాత్రం పోదు. నీళ్లు మార్చేదాకా పేరుకుంటూనే ఉంటుంది. అది ఎంత పెరిగితే క్లోరిన్ అంత మెల్లగా పని చేస్తుంది. నేను కొలిపించినప్పుడు మా టబ్‌లో 150 దాటి ఉంది. ఉన్న క్లోరిన్‌లో చాలా భాగం దానికి అతుక్కుని, బ్యాక్టీరియాను చంపే పనికి ఎంతో కొంచెమే మిగిలింది. స్ట్రిప్పు అంతా కలిపి చూపిస్తుంది, ఎంత పని చేస్తోందో చెప్పదు. దీనికి తోడు రెండు రోజులు పంపు ఆగిపోయి, గోరువెచ్చటి నీళ్లు పైపుల్లో నిలవున్నాయి. అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ హాట్ టబ్‌లలో సయన్యూరిక్ యాసిడ్ ఉన్న క్లోరిన్ వాడొద్దనే చెప్తుంది. కొనేటప్పుడు ఆ మాట మాకెవరూ చెప్పలేదు.

అప్పటి నుంచి ఇలా చేస్తున్నాను. కొత్త నీళ్లు పట్టాక సయన్యూరిక్ యాసిడ్ 30కి వచ్చేంతవరకే, అంటే మొదటి కొన్ని రోజులే డైక్లోర్. సీడీసీ వద్దన్నా ఈ కాస్త ఎందుకంటే, ఆ యాసిడ్ కొంచెం ఉంటే క్లోరిన్ ఘాటు మూతనీ హీటర్‌నీ తినేయదు. 30కి చేరగానే డైక్లోర్ పక్కన పెట్టి, బట్టలకి వాడే మామూలు బ్లీచ్‌కి మారిపోతాను. సువాసన ఉన్నది, చిందకుండా చిక్కగా చేసింది పనికిరావు. సీసా మీద సోడియం హైపోక్లోరైట్ ఎంత శాతమో రాసి ఉంటుంది, చూసి కొనండి. పూల్ షాపుల్లో దొరికే గుండ్రటి ట్రైక్లోర్ బిళ్లలు మాత్రం టబ్‌లో వేయకండి. అవి బాగా ఆమ్లంగా ఉంటాయి, కరగడానికి రోజులు పడుతుంది, బిళ్ల ఆనినచోట టబ్ లోపలి అక్రిలిక్ ప్లాస్టిక్‌ని పాడు చేస్తాయి.

ఎంత వేయాలన్నది వారాన్ని బట్టి కాదు, మనుషుల్ని బట్టి లెక్కేయాలి. ఒక మనిషి ఒక గంట కూర్చుంటే, చెమటకీ ఒంటి జిడ్డుకీ కలిపి సుమారు 5 ఫ్లూయిడ్ ఔన్సుల 6 శాతం బ్లీచ్ ఖర్చవుతుంది, అంటే దాదాపు 150 మిల్లీలీటర్లు. నలుగురు అరగంట కూర్చుంటే రెండు మనిషి-గంటలు, 300 మిల్లీలీటర్లు. మేం బయటికి రాగానే, ఒళ్లు తుడుచుకునే లోపే వేసేస్తాను. జెట్లు పది నిమిషాలు తిరగనిచ్చి, కాసేపు మూత తీసి ఉంచుతాను. ఎవరూ దిగని రోజు కూడా కొంచెం వేయాలి, వేడి నీళ్లలో క్లోరిన్ ఊరికే తరిగిపోతుంది. దిగే ముందు కొలిచి చూడండి, 3 పీపీఎం కన్నా తక్కువ ఉంటే ఆ రోజు దిగకండి. క్లోరిన్ వాసన ఘాటుగా కొడుతోందంటే ఎక్కువైందని చాలామంది అనుకుంటారు. నిజానికి తక్కువైనప్పుడే ఆ వాసన. చెమటతో కలిసి సగం పాడైన క్లోరిన్ వాసన అది.

స్ట్రిప్పులు మానేసి చుక్కల కిట్ కొనండి. నేను టేలర్ కే-2006 వాడుతున్నాను. టబ్ లోపలికి మోచేతి దాకా చెయ్యి పెట్టి చిన్న సీసాలో 10 మిల్లీలీటర్ల నీళ్లు తీసుకుంటాను. అందులో చిటికెడు పొడి వేస్తే గులాబీ రంగు వస్తుంది. సీసా తిప్పుతూ రెండో మందు చుక్క చుక్కగా వేయాలి. ఏ చుక్కకి ఆ గులాబీ రంగు పూర్తిగా పోయి రంగులేని నీళ్లవుతాయో అక్కడ ఆపాలి. చుక్కకి 0.5 లెక్క, ఎనిమిది చుక్కలైతే 4 పీపీఎం. ఇప్పుడు మా అమ్మాయే చుక్కలు లెక్కపెడుతుంది. దద్దుర్లు వచ్చిన పిల్ల కదా, తను చూడనిదే ఎవర్నీ దిగనివ్వదు.

మన వైపు ఇంకో సంగతి ఉంది. ఫ్రిస్కో, ప్లానో నీళ్లు నార్త్ టెక్సస్ మునిసిపల్ వాటర్ డిస్ట్రిక్ట్ నుంచి వస్తాయి. వాళ్లు మామూలుగా క్లోరమిన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసినది) కలుపుతారు, ఏటా వసంతం దగ్గర్లో కొన్ని వారాలు మాత్రం మామూలు క్లోరిన్‌కి మారతారు. అందుకని కొత్తగా పట్టిన నీళ్లని కొలిస్తే, ఎవరూ దిగకుండానే పాడైన క్లోరిన్ ఉన్నట్టు చూపిస్తుంది. టెన్షన్ పడకండి, మొదటి రోజు క్లోరిన్ బాగా వేస్తే అది విరిగిపోతుంది.

పీహెచ్ (నీళ్లు ఎంత ఆమ్లంగా, ఎంత క్షారంగా ఉన్నాయో చెప్పే అంకె) 7.2 నుంచి 7.8 మధ్య ఉంటే చాలు. జెట్లు వేసిన ప్రతిసారీ అది పైకి పాకుతుంది. గోలీసోడా కొట్టి గిలకరిస్తే గ్యాస్ పోయినట్టే, జెట్లు నీళ్లలోని కార్బన్ డయాక్సైడ్‌ని తరిమేస్తాయి, పీహెచ్ పెరుగుతుంది. నేను మొదట్లో రోజూ పీహెచ్ తగ్గించే యాసిడ్ పొడి వేసేవాణ్ణి, మర్నాటికి మళ్లీ 8. అసలు తగ్గించాల్సింది ఆల్కలినిటీ, అంటే యాసిడ్‌ని అడ్డుకునే నీళ్ల గుణం. బ్లీచ్ వాడేవాళ్లకి అది 50, 60 పీపీఎం దగ్గర ఉంటే పీహెచ్ అంత తొందరగా ఎక్కదు. యాసిడ్ పొడి కొంచెం కొంచెంగా వేస్తూ, జెట్లు తిప్పుతూ, మూడు నాలుగు రోజుల్లో దించండి. మరీ దిగిపోతే వంటసోడా వేస్తే పెరుగుతుంది. కాల్షియం 150 పీపీఎం దగ్గర ఉంచండి. యాసిడ్‌నీ బ్లీచ్‌నీ ఒకేసారి వేయకండి, పక్కపక్కన కూడా పెట్టకండి, కలిస్తే విషవాయువు వస్తుంది. ఒక్కోటి వేశాక కనీసం అరగంట ఆగండి. ఒకదానికి వాడిన చెంచా ఇంకోదానికి వాడకండి.

నురగ గురించి అడగలేదు గానీ, అమ్మగారు వస్తున్నారు కాబట్టి చెప్పాలి. మా అమ్మ విజయవాడ నుంచి వచ్చినప్పుడు టబ్‌ని చూసి "ఇంత పెద్ద నీళ్ల కాగా!" అని ఎంత మురిసిపోయిందో. అలవాటు ప్రకారం తలకి కొబ్బరినూనె రాసుకుని దిగింది. పావుగంటలో నీళ్ల మీద మజ్జిగ చిలికినట్టు నురగ, అంచు చుట్టూ వేలితో గీస్తే అంటుకునే జిడ్డు గీత. ఆవిడ నొచ్చుకోకుండా చెప్పడానికి మా ఆవిడ ముందుగా తనే తలంటుకుని వచ్చి, "అత్తయ్యా, మీరూ స్నానం చేసొస్తే ఇద్దరం కలిసి కూర్చుందాం" అంది. అప్పటి నుంచి ఇంట్లో అందరికీ అదే పద్ధతి. సబ్బు స్నానం చేసి, జుట్టు ముడి వేసుకుని, డిటర్జెంట్ లేకుండా వట్టి నీళ్లలో ఉతికిన బట్టలతో దిగడం. సగం క్లోరిన్ ఆదా అవుతుంది. ఫిల్టర్ వారానికోసారి గొట్టంతో మడత మడతా కడగండి.

మూడు, నాలుగు నెలలకోసారి నీళ్లు మార్చాలి. పారబోసే ముందు పైపులు శుభ్రం చేసే మందు వేసి జెట్లు తిప్పండి. మొదటిసారి మా టబ్‌లో నీళ్ల మీద తేలిన బూడిదరంగు తెట్టు చూసి ఒళ్లు జలదరించింది. కొత్త టబ్‌కి కూడా ముందు ఇది చేయండి. ఫ్యాక్టరీలో నీళ్లు పోసి పరీక్షిస్తారు, ఆ తడి పైపుల్లోనే ఉండి మీ ఇంటికి వస్తుంది.

అమ్మగారి విషయానికొస్తే, బీపీకో షుగర్‌కో మందులు వాడుతుంటే ముందు డాక్టర్‌ని అడగండి. టబ్ 104 డిగ్రీల దాకా పోతుంది, అంతకు మించి ఎవరికీ మంచిది కాదు. మా అమ్మకి 99 పెడతాం, పదిహేను నిమిషాలు. లేచేటప్పుడు కళ్లు తిరగొచ్చు, పక్కన ఒకరుండి చెయ్యి పట్టుకోవాలి. అయిదేళ్ల లోపు పిల్లలుంటే వాళ్లని దింపొద్దు, మూతకి తాళం వేసి ఉంచండి. మా అమ్మకి మోకాళ్లు నయమయ్యాయని చెప్పను, కానీ టబ్‌లో కూర్చున్న రాత్రి మెట్లెక్కేటప్పుడు రెయిలింగ్ పట్టుకోకుండా ఎక్కుతుంది.

నీళ్లు పట్టిన రోజు పీహెచ్, ఆల్కలినిటీ, కాల్షియం కొలిచి ఇక్కడే రాయండి, ఏది ఎంత వేయాలో లెక్కేసి చెప్తాను.