అడగండి, సెట్టాయన చెబుతాడు

(కర్నూలులో ముప్పై ఏళ్ళు వైర్‌లెస్ సెట్టు పట్టి రిటైరైన ఆపరేటర్ ఈ శీర్షికలో జవాబులిస్తారు.)

ప్రశ్న: 2021 నవంబరులో చెయ్యేరు పొంగి అన్నమయ్య ప్రాజెక్టు కట్ట కొట్టుకుపోయినప్పుడు రాజంపేట వైపు సాయానికి వెళ్ళాను. అక్కడికి వచ్చిన బృందాల్లో తలా ఒక సెట్టు. పక్కపక్కనే నిలబడినా ఒకరి మాట ఇంకొకరి సెట్టులో రాలేదు, చివరికి కేకలేసుకున్నారు. అందరికీ ఒకే రకం సెట్లు కొనిస్తే పోదా సార్? - ఒక పాఠకుడు, కడప

జవాబు: పోదు నాయనా. ఒకే కంపెనీ సెట్లు రెండు తెచ్చినా ఫ్రీక్వెన్సీ వేరైతే ఒకదాని ముందు ఒకటి మూగదే. ఫ్రీక్వెన్సీ కలిసినా ఒకటి పాత అనలాగ్, ఇంకొకటి డిజిటల్ అయితే గరగర తప్ప మాట రాదు. రెండూ డిజిటలే అనుకో, మాటను అంకెలుగా మార్చే పద్ధతి వేరైతే మళ్ళీ మొదటికే. ఏ కంపెనీ సెట్టైనా మరో కంపెనీ సెట్టుతో మాట్లాడాలనే యూరప్ వాళ్ళు టెట్రా అని, అమెరికా వాళ్ళు పి25 అని ప్రమాణాలు పెట్టుకున్నారు.

అంత డబ్బున్న అమెరికాకే 2001 సెప్టెంబర్ 11న తెలిసొచ్చింది. న్యూయార్క్‌లో విమానం గుద్దిన వరల్డ్ ట్రేడ్ సెంటర్ టవరు నిలిచేలా లేదని పోలీసు హెలికాప్టర్లలో ఉన్నవాళ్ళు పైనుంచి చూసి చెప్పారు. అది పోలీసు సెట్లలో వినపడింది, లోపల మెట్లెక్కుతున్న ఫైర్ సిబ్బంది సెట్లలోకి రాలేదు. ఆ రోజు 343 మంది ఫైర్ వాళ్ళు పోయారు. అంతా సెట్ల వల్లే అనను, కానీ ఆ మాట చేరి ఉంటే కొందరైనా దిగి వచ్చేవాళ్ళు.

ఇక నా సంగతి. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రి కలిసి కర్నూలును ముంచినప్పుడు ఒక మిద్దె మీద రెండు సెట్లు పెట్టుకుని కూర్చున్నాను. ఒకటి మాది, ఇంకొకటి వేరే శాఖ వాళ్ళు ఇచ్చిపోయింది. ఎడమ చెవిన విన్నది కుడిచేతి సెట్టులో చెప్పడమే పని. ఈరోజు గేట్‌వే అని అమ్మే పెట్టె చేసేదీ అదే: ఈ సెట్టు స్పీకరులో వచ్చిన మాటను ఆ సెట్టు మైకులోకి పంపుతుంది. నాకు నిద్రొస్తుంది, దానికి రాదు. కాకపోతే నేను పనికిరాని మాట వదిలేసేవాణ్ణి, అది అన్నీ పోస్తుంది. రెండు శాఖల గోల ఒకే చానల్లో పడితే అసలు కబురు మునిగిపోతుంది. అందుకే అవసరమైనప్పుడు కలపాలి, పని కాగానే విడదీయాలి.

ఆ రాత్రి నన్ను వణికించింది మాత్రం ఫ్రీక్వెన్సీ కాదు, మన తెలుగే. "పడవను అటు పంపొద్దు" అని ఎవరో చెబుతూ తొందరలో, మాట్లాడేంతసేపూ నొక్కి పట్టాల్సిన బటన్ ముందే వదిలేశాడు. నాకు వినపడింది "పడవను అటు పంపు". మనకు 'వద్దు' మాట చివర వస్తుంది కదా, కోత పడేది అక్కడే! అనుమానం వచ్చి మళ్ళీ అడిగాను కాబట్టి సరిపోయింది. అప్పటినుంచి నా దగ్గర నేర్చుకున్న పిల్లలకు 'వద్దు' నిషేధం. "ఆపు, పడవను ఆపు" అనాలి. బటన్ నొక్కి ఒక్క క్షణం ఆగి మొదలుపెట్టాలి, మాట అయ్యాక ఒక్క క్షణం ఆగి వదలాలి. గేట్‌వే మధ్యలో ఉంటే ఇది ఇంకా ముఖ్యం, మొదటి అక్షరాలను కూడా అది మింగుతుంది.

ఇంకోటి, ప్రాజెక్టు వాళ్ళు క్యూసెక్కుల్లో చెబుతారు. పడవ నడిపేవాడికి కావాల్సింది వంతెన మీదికి నీళ్ళొస్తాయా రావా అనేది. "కొత్తపల్లిలో జనం చిక్కుకున్నారు" అంటారు, మన జిల్లాల్లో కొత్తపల్లులు ఎన్నో! మండలం పేరు ముందు చెప్పాలి. కోడ్ మాటలు కూడా అంతే, ఒక శాఖ కోడ్ ఇంకో శాఖకు తెలియదు. 2005లో కత్రినా తుపాను చూశాక అమెరికాలో పలు శాఖలు కలిసి పనిచేసేచోట కోడ్లు మానేసి మామూలు మాటలే వాడమన్నారు. దానికి పైసా ఖర్చు లేదు. వానాకాలానికి ముందే ఒక ఉమ్మడి చానల్ అనుకుని, ఒక్క రాత్రి అన్ని శాఖలూ చీకట్లో మాట్లాడి చూసుకుంటే, కొత్త సెట్లు కొనకముందే సగం పని అవుతుంది. పాత చిట్కా ఒకటుంది: మన మనిషిని మన సెట్టుతో సహా పక్క శాఖ జీపులో కూర్చోబెట్టడం. ఇప్పటికీ దాన్ని మించింది లేదు.

ప్రశ్న: నా ఫోన్లో సిగ్నల్ లేనప్పుడు 112 కు కాల్ పోతుందా? - ఒక గృహిణి, కర్నూలు

జవాబు: మీ కంపెనీ టవరు పడిపోయినా, వేరే కంపెనీ టవరు అందుతుంటే పోతుందమ్మా. ఆపద కాల్‌ను ఏ నెట్‌వర్క్ దొరికితే దాని మీద పంపేలా ఫోన్లు తయారుచేస్తారు. ఏ టవరూ లేకపోతే మాత్రం పోదు. మిద్దె ఎక్కి ప్రయత్నించండి.

ప్రశ్న: మా ఊరి కుర్రాళ్ళం చెరువు కట్ట కాపలాకు ఆన్‌లైన్లో వాకీటాకీలు కొనొచ్చా? - ఒక యువకుడు, అనంతపురం

జవాబు: చూసి కొనండి. మన దేశంలో 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే తక్కువ పవర్ సెట్లకు లైసెన్సు అక్కర్లేదు. అంతకు మించి పవరున్నవి, ఫ్రీక్వెన్సీ మార్చుకునేవి లైసెన్సు లేకుండా వాడితే నేరం. దానికితోడు తెలియక పోలీసు చానల్లో పడ్డారంటే మీ కబుర్లు వాళ్ళ కబురుకు అడ్డం. సరదా ఎక్కువైతే హామ్ పరీక్ష (సరదాకు వైర్‌లెస్ వాడేవాళ్ళకు లైసెన్సు ఇచ్చే పరీక్ష) రాయండి, పన్నెండేళ్ళు నిండితే చాలు.